అక్కకు అందించిన మాటలు

అక్క బస్టాండులో టిక్కెట్లు ఇచ్చేది. కౌంటరు అవతల ఎవరెంత ఎగిరినా నోటితోనే నెగ్గుకొచ్చే మనిషి. ఇంట్లో మాకు ఆ నోటికి తాళం పడితే బాగుండుననిపించేది. ఆమె తలలో ఎడమవైపు, మాటలకు సంబంధించిన చోటును ఆనుకుని గడ్డ ఉందన్నారు డాక్టర్లు. ఆపరేషన్‌కు ముందు మాట పరీక్షించాలన్నారు. పరీక్ష అనగానే నాకు అర్థమైంది ఒక్కటే. అందులో తప్పితే ఆపరేషన్ చేయరు.

అందుకే ఆ రోజు పరీక్ష చేసే మేడం వెనక గోడవారగా నిలబడ్డాను. ఆవిడ బల్లమీద ఒక్కో బొమ్మా పెట్టి పేరు అడుగుతున్నారు. గొడుగు, కుర్చీ అక్క టకటకా చెప్పేసింది. తాళంచెవి దగ్గర ఆగిపోయి నావైపు చూసింది. చప్పుడు కాకుండా పెదవులు కదిపాను. వెంటనే అందుకుంది. నిచ్చెన, దువ్వెన, ఇంకా కొన్ని అలాగే గట్టెక్కించాను. లోలోపల మురిసిపోయాను కూడా.

"చాలా బాగా చెప్పారు. ఆపరేషన్లో ఇవే చూపిస్తాం," అన్నారు మేడం.

"ఆపరేషన్లోనా? మత్తులో ఉంటుందిగా?"

"మధ్యలో లేపుతాం, నొప్పి తెలీదు. డాక్టరుగారు మెదడు మీద ఒక్కోచోట సన్నగా కరెంటు పెడతారు, నేను బొమ్మ చూపిస్తాను. మాట ఆగిపోయిందంటే ఆ చోటు మాటకి కావాలన్నమాట. అక్కడ గడ్డ ఉన్నా ముట్టుకోరు."

"మామూలుగానే పేరు రాని బొమ్మయితే?"

"అందుకేగా ఈ పరీక్ష. రానివి ముందే తీసేస్తాం. లేకపోతే కరెంటు వల్ల ఆగిందనుకుని, తీయాల్సిన గడ్డ కూడా లోపలే వదిలేస్తాం."

నా బుర్ర తిరిగిపోయింది. తప్పు చెప్పడమే మంచిదా? మరి నేను చేసింది సాయమా, కొంప ముంచడమా? మార్కులు తగ్గితే మేలు చేసే పరీక్ష ఎక్కడైనా ఉంటుందా? కోపం మేడం మీదో నా మీదో తేలలేదు. భయం మాత్రం గట్టిగానే వేసింది.

"సగం నేనే అందించాను మేడం," అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. బయట కూర్చోమన్నారు. అక్క నా చొక్కా పట్టుకుని వదల్లేదు. చివరికి, "పక్కనే కూర్చోండి. పెదవి మెదపకూడదు," అన్నారు.

మళ్ళీ మొదలైంది. తాళంచెవి పేరు రాలేదు. ఆ బొమ్మ పక్కకు పోయింది. నిచ్చెనా పోయింది. పక్కన తీసేసిన బొమ్మల కట్ట పెరుగుతుంటే సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

దువ్వెన వచ్చింది. అక్క చేత్తో తల దువ్వుకుంటున్నట్టు చేసి చూపించింది. వస్తువు తెలుసు, పేరు దొరకడం లేదు. నావైపు తిరిగి నా పెదవులనే చూస్తూ కూర్చుంది. నేను పళ్ళు బిగబట్టాను.

కాసేపటికి అక్క ముఖంలో జాలి కనిపించింది. నా చేతిమీద చెయ్యి వేసి మెల్లగా నిమిరింది.

"ఏరా, నీకూ రావడం లేదా?"

"రావడం లేదక్కా," అన్నాను.