నాలుగో అంతస్తు ఉల్లిగడ్డలు

“మా ఆమె చేస్తది సార్” అన్నాడు మక్బూల్ ఫోన్లో. ఏం చెయ్యాలో, ఎంతమందికి చెయ్యాలో అవతలి మనిషి ఇంకా చెప్పనే లేదు.

జాహిదా ఆ పక్కనే కూర్చుని కూతురు నాదియాకు జడ వేస్తోంది. ఇంట్లో వాళ్ళ మాట ఉర్దూ. మొగుడూ పెళ్ళాలిద్దరిదీ కోరుట్లే గనక తెలుగూ నోటినిండా వచ్చు. కానీ మక్బూల్ ఇంట్లో తెలుగులోకి దిగాడంటే ఫోన్లో ఉన్నది మేనేజరు భీమేశ్వరరావని లెక్క. అతని తెలుగు డ్యూటీ బూట్లలాంటిది. గడప లోపలికి వచ్చిందంటే వెనకాలే ఏదో పని కూడా వచ్చిందన్నమాట. ఆ పని ఎప్పుడూ అతనిది కాదు. ఈ అరబ్బు దేశంలో, సల్మాబాద్‌లో ఉన్న కంపెనీ గోదాముకు అతను స్టోర్‌కీపరు. సూపర్‌వైజరు కుర్చీ రంజాన్ నుంచి ఖాళీగా ఉంది. అందులో ఎవరు కూర్చోవాలో రావుగారు చెప్పాలి. ఈలోపల రావుగారింట్లో మూడు పార్టీలకు జాహిదా వండింది.

ఫోను పెట్టేశాక కూడా అతను బూట్లు విప్పలేదు, తెలుగులోనే అన్నాడు. “వచ్చే శుక్రవారం సారు బిడ్డ ఓణీల ఫంక్షన్. నీ చేతి బిర్యానీ లేకుంటే అది ఫంక్షనే కాదన్నడు.”

“వచ్చే శుక్రవారం నాదియా బిస్మిల్లా.”

“యాదికుంది. తరువాతి వారం చేసుకుందాం.”

బిడ్డకు నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులు నిండిన నాడు కొత్త బట్టలు కట్టి, పూలదండ వేసి, నలుగురిలో కూర్చోబెట్టి మొదటి పాఠం చదివిస్తారు. అదీ బిస్మిల్లా. జాహిదాకు నాన్న చేసినప్పుడు కోరుట్లలో వీధి వీధంతా లడ్లు తిన్నదట. ఆడపిల్ల చదువుకు ఇంత హంగామానా అని ఎవరో అంటే, “చదువు ఆగిపోతే అడుగుదురు” అన్నాడట నాన్న. చదువు ఆగలేదు, జాగ్రఫీలో బి.ఏ. దాకా నడిచింది. ఆ తర్వాత పెళ్ళి దగ్గర ఆగితే అడగడానికి ఎవరూ రాలేదు. అత్తగారు మాత్రం ఇప్పటికీ ఫోన్లో, “డిగ్రీ కోడలు ఉల్లిగడ్డలు ఇంగ్లీషుల కోస్తదా?” అని నవ్వుతుంది. నాదియాకు ఆ నాలుగు నాలుగులు ఇంకోసారి రావు. అందుకని జాహిదా పెళ్ళినాటి జరీ దుపట్టా కత్తిరించి పిల్లకు కుర్తా కుట్టింది. కింది ఫ్లాట్ల ఆడవాళ్ళకు చెప్పింది.

“తరువాతి వారమంటే నాలుగు నెలల పదకొండు రోజులైతయి.”

“అల్లా అంత లెక్కలు సూస్తడా?”

“మరి ఓణీలే తరువాతి వారానికి జరుపుకోరాదా వాళ్ళు?”

“వాళ్ళది ముహూర్తం. రాజమండ్రి నుంచి పంతులు పెట్టిండు” అన్నాడు మక్బూల్ చాలా గౌరవంగా. రాజమండ్రి పంతులు ఫోన్లో చెప్పిన రోజు రాయిలా గట్టిదై, తన బిడ్డ పుట్టిన రోజు నుంచి లెక్కగట్టిన రోజు గోధుమపిండిలా మెత్తనిదెట్లా అయిందో జాహిదా బి.ఏ.కి అంతుపట్టలేదు. ఇంతలో పైన నాలుగో అంతస్తు నుంచి రావుగారి భార్య సూర్యావతి ఫోను. “జహీదా, ఓసారి పైకి రా అమ్మా. ఉల్లిపాయలు ముందే వేయించేసి ఫ్రీజర్లో పెట్టేసుకుందాం.” జాహిదాను ‘జహీదా’ అంటుందామె. ఐదేళ్ళలో సరిచెయ్యడానికి వీలు చిక్కలేదు. వెళ్ళింది. వెళ్ళనని అనాలనే ఆలోచన లిఫ్టులో వచ్చింది, అప్పటికే నాలుగు నొక్కేసి ఉంది.

సూర్యావతి చెడ్డ మనిషైతే ఎంత సుఖంగా ఉండేది. కాదు, అదే చిక్కు. నాదియాకు జ్వరమొచ్చి ఫిట్స్ వచ్చిన రోజు మక్బూల్ ఓవర్‌టైంలో ఉంటే, సూర్యావతే కారు తీసింది, ఆసుపత్రిలో పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత తన కూతురికి పొట్టయిన గౌన్లన్నీ ఉతికి ఇస్త్రీ చేయించి ఇచ్చింది. వాటికి బదులుగా జాహిదా వండుతోందా, వండుతోంది గనక ఆ గౌన్లు వస్తున్నాయా, లేక ఇవి రెండూ దేనికదేనా? దీన్ని ఎటు తిప్పినా ఒక కొస దొరికేది, రెండోది జారిపోయేది. “నువ్వు మా ఇంటి మనిషివి జహీదా” అంటుంది సూర్యావతి. ఇంటి మనిషి కాబట్టి పార్టీ రోజు హాల్లోకి రాదు, వంటింట్లోనే ఉంటుంది. సొంత ఇంట్లోనూ అంతేగా, కాబట్టి ఆ మాటలో అబద్ధం కూడా లేదు.

వంటింట్లో సులస్త్రి అప్పటికే నేల మీద కూర్చుని ఉల్లిపాయల బస్తా విప్పుతోంది. ఇండోనేషియా మనిషి, రావుగారింట్లో పనికొచ్చి రెండేళ్ళు. సూర్యావతికి ఆ పేరు పొడవైంది, ‘సులూ’ దగ్గర తెగ్గోసింది. తెగిపోయిన ముక్క సరిగ్గా ‘స్త్రి’. ఈ జోకు ఎవరికైనా చెప్పాలని జాహిదా రెండేళ్ళుగా చూస్తోంది, చెప్పుకోదగ్గ మనిషి దొరకలేదు. సులస్త్రి అంతకుముందు కువైట్‌లో చేసింది గనక ఆమె భాషలో అరబ్బీ ఉంది, హిందీ ఉంది, సూర్యావతి దగ్గర పట్టుబడిన గోదావరి తెలుగుంది. ప్రతి మాటకూ చివర ‘అండి’ తగిలిస్తుంది. గ్యాసు ఐపోతే “గ్యాస్ ఖలాస్ అండి” అంటుంది.

మొదట్లో జాహిదా ఏం మాట్లాడినా సులస్త్రి తలెత్తి “ఆపా?” అనేది. ఉర్దూలో ఆపా అంటే అక్క. ఈ దేశంలో తనను అక్కా అన్న మొదటి మనిషని జాహిదాకు కళ్ళు చెమర్చాయి. మరుదులు ‘భాభీ’ అంటారు, అత్త ‘బహూ’ అంటుంది, మక్బూల్ ‘సునో’ అంటాడు, అంటే ‘విను’. ఆ అక్క పిలుపుకు పొంగిపోయి ఆమెకు మామిడికాయ తొక్కు ఇచ్చింది, గాజులిచ్చింది, చలికాలం స్వెట్టరిచ్చింది. నాలుగైదు నెలలకు తెలిసింది, వాళ్ళ భాషలో ‘ఆపా’ అంటే ‘ఏంటీ?’ అని. పాపం సులస్త్రి ప్రతిసారీ అర్థం కాలేదని చెప్పేది, జాహిదా ప్రతిసారీ ఏదో ఒకటి తెచ్చిచ్చేది. స్వెట్టరు వెనక్కి అడగలేక, నవ్వలేక, ఆ రోజు మెట్ల మీద కాసేపు కూర్చుండిపోయింది. ఆ తర్వాతే వాళ్ళిద్దరికీ నిజంగా స్నేహం కుదిరింది, ఎందుకో.

జావా గురించి జాహిదాకు తెలిసింది నాలుగు మార్కుల జవాబు ఒకటే. అగ్నిపర్వతాల మట్టి, మంచి పంటలు, కిక్కిరిసిన జనం. ఆ కిక్కిరిసిన జనంలో సులస్త్రి వాళ్ళ సందు ఒకటి. సముద్రం కనపడని ఊరు, చుట్టూ కొండలు, మధ్యాహ్నం కాగానే వాన. ఊరి పేరు ఒకసారి మలాంగ్ అనేది, ఒకసారి న్గలాం అనేది. రెండు ఊళ్ళనుకుని జాహిదా తన తలలో రెండు స్టేషన్లు, రెండు నదులు కట్టేసింది. ఆ ఊరివాళ్ళకు మాటల్ని తిరగేసి పలకడం సరదా అనీ, రెండూ ఒకటే ఊరనీ తెలిశాక ఒక నదిని పూడ్చడానికి చాలా రోజులు పట్టింది.

స్టేషను వెనక నది వైపు దిగే మెట్ల సందు అది. ఎంత ఇరుకంటే, ఎదురుగా మోటారుసైకిలు వస్తే ఎవరో ఒకరి ఇంట్లోకి జరగాల్సిందే. జరిగాక టీ తాగకుండా బయటికి రానివ్వరు. అందుకని బజారుకెళ్ళిన మనిషి తిరిగొచ్చేసరికి కడుపు నిండిపోతుంది. ఒకరి గోడే ఇంకొకరి గోడ. ఒకరింట్లో దగ్గితే పక్కింటివాళ్ళు అల్లం దంచుతారు. వాసాలకు పిట్టల పంజరాలు వేలాడుతుంటాయి. మొగుళ్ళకు పెళ్ళాల మీదకన్నా పిట్టల మీద ప్రేమ ఎక్కువని సులస్త్రి మాట. సందు మొదట్లో కాపలా గుడిసె. మొగవాళ్ళు వంతులేసుకుని దొంగలకోసం కాపలా కాస్తూ డామినో ఆడతారు. దొంగలు రారు. ఎందుకంటే, “ఏం ఉంది అండి, తీసుకుపోవడానికి?” ఇక్కడి ఉమ్మ్ అల్ హస్సామ్ పేటలో జాహిదా ఐదేళ్ళుగా ఉంటోంది. ఈ పేటలో ఆమెకు తెలిసింది కోల్డ్‌స్టోరు దుకాణం, లిఫ్టు, నాలుగో అంతస్తు వంటిల్లు. కళ్ళు మూసుకుంటే మాత్రం ఆ చూడని సందులో ఏ మెట్టు విరిగిందో చెప్పగలదు. ఇది తెలివో, తిక్కో ఆమెకే అర్థం కాదు.

ఆ రోజు ఉల్లిపాయలు కోస్తూ సులస్త్రి హుషారుగా ఉంది. “ఇది రేవాంగ్ అండి” అంది.

“అదేంది?”

వాళ్ళ సందులో ఎవరింట్లో పెళ్ళైనా చావైనా వంటకు మనుషుల్ని పెట్టుకోరట. సందులోని ఆడవాళ్ళంతా ఆ ఇంటికి పోయి కూర్చుని కోస్తారు, రుబ్బుతారు, పుకార్లు చెప్పుకుంటారు. దానికి పేరు రేవాంగ్. రేపు వాళ్ళింట్లో పనైతే ఈ ఇంటామె వెళ్తుంది.

“పోకపోతే?”

“మాట బంద్ అండి. అందరూ మొహం ఇలా” అని సులస్త్రి మూతి తిప్పి చూపించింది. “మా అత్త కోసి కోసి నడుం ఖలాస్. నేను అందుకే కువైట్ పోయాను అండి.” పకపకా నవ్వింది. అది స్వర్గమో, ఇంకో రకం వంటిల్లో తేల్చుకోలేక జాహిదా కూడా నవ్వింది.

సులస్త్రి ఇంకో ఉల్లిపాయ అందుకుంది. “మీ ఇల్లు రేవాంగ్ ఎప్పుడండి? అప్పుడు మేడం వస్తారండి, కింద కూర్చుంటారండి, ఉల్లిపాయ్ కోస్తారండి.”

వెటకారం కాదు. మూడు పార్టీలకూ జాహిదా వచ్చి కోసిపెట్టడం చూసి, సులస్త్రి ఇది కూడా తమ సందులాంటిదేననుకుంది. మేడం వంతు ఇంకా రాలేదు, అంతే. హాల్లోంచి సూర్యావతి, “జహీదా, సన్నగా కొయ్యమ్మా, కిందటిసారి కాస్త లావయ్యాయి” అంది. జాహిదా కత్తి ఆపింది. ఉల్లిగడ్డల దగ్గర ఏడిస్తే ఎవరూ ఎందుకని అడగరు, ఆ ఒక్క సౌకర్యమూ వదులుకోవడం ఎందుకని కాస్త ఏడ్చింది. ఈ వంటింట్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళలో ఒకరికి జీతముంది. ఆ ఒకరు తను కాదు. ఇది పనైతే జీతమేది? సాయమైతే వంతేది? ప్రేమైతే, ‘మా ఆమె చేస్తది’ అని మధ్యలో మక్బూల్ ఎందుకు?

మధ్యాహ్నం అన్నం తింటుంటే అతన్ని అడిగింది, అదీ తెలుగులోనే. “గోదాముల సామాన్ ఎవరన్న అడిగితె సంతకం లేకుండ ఇస్తరా?”

“ఎట్లిస్త? నౌకరీ పోతది.”

“మరి నన్ను?”

మక్బూల్ ముద్ద పట్టుకుని చూశాడు. అతనికి అర్థమైందో లేదో తెలియలేదు. అర్థమైతే బాగుండదని మాత్రం అర్థమైనట్టుంది. “సారు ముందల నా ఇజ్జత్ తియ్యకు. ఈ ఒక్కసారే. కుర్చీ దొరకంగనే నువ్వు ఎవ్వరికీ వండేది లేదు.” కుర్చీ దొరికితే ఆ కుర్చీకీ ఓ పార్టీ ఉంటుందని, దానికి ఎవరు వండుతారో తనకు తెలుసని జాహిదా అనలేదు. అతను గోదాములో కార్టన్లు మోసి మోసి చేతులు కాయలు కాచినవాడు. ఆ చేతుల్ని చూస్తే ఆమెకు జాలి. తన చేతులు మాత్రం ఎప్పుడూ అల్లం వాసన. ఏ జాలి ముందు, ఏ జాలి వెనక అని రెండు రోజులు తిరిగింది. చాయ్‌లో ఉప్పేసింది. నాదియా ఎడమ చెప్పు కుడికాలికి తొడిగింది. కుర్తా గుండీలు కుట్టడానికి కూర్చుంటే, నాదియా వచ్చి, “అమ్మీ, నా పండుగ ఉందా పోయిందా?” అంది. ఆ పిల్ల కూడా ఉర్దూ వదిలి తెలుగులో అడిగింది. పెద్ద సంగతులు తెలుగులో జరుగుతాయని దానికి అర్థమైపోయినట్టుంది.

మర్నాడు పొద్దున అతను డ్యూటీకి పోయాక జాహిదా తల దువ్వుకుని మెట్లెక్కింది. ఏం మాట్లాడాలో తెలియదు. తలుపు తీసేదాకా తెలియలేదు.

“వచ్చావా? ఏలకులు చాలవేమో, చూడు” అంది సూర్యావతి.

“మీ ముహూర్తం ఎన్ని గంటలకు అక్కా?”

“పదకొండున్నరకి. ఏం?”

“అయితె నేను పట్టుచీర కట్టుకొని పదకొండు గంటలకే వస్త. బిడ్డకు అక్షింతలు ఏస్త, కూసుండి తిని పోత. వంటకు ఇంకెవరికన్న చెప్పుకోండ్రి. ఆ రోజు సాయంత్రం మా నాదియా బిస్మిల్లా. నా వంట నేను వండుకోవాలె.”

సూర్యావతి మొహంలో కోపం కన్నా ముందు తికమక వచ్చింది. “అదేవిటి? మక్బూల్ సరేనన్నాడన్నారే మా వారు.”

“ఆయనైతే సరేనన్నడు. ఆయనే వండుతడేమో అడగండ్రి.”

“నా మీద కోపవా?” అంది సూర్యావతి, చిన్న గొంతుతో. ఆసుపత్రిలో పిల్లను ఎత్తుకున్న మనిషే ఆ గొంతులో ఉంది. జాహిదాకు మళ్ళీ అంతా కలగాపులగమైంది. ఆ కుర్చీ పోతుందేమో. ఇంటికి పోయాక మక్బూల్ ఏ భాషలో అరుస్తాడో. ఐనా కాళ్ళు వెనక్కి పోలేదు.

“కోపముంటే పిలవనీకి వస్తనా? మీరు గూడ రావాలె. నాలుగింటికే రాండ్రి, నా పక్కన కూసోండ్రి, ఉల్లిగడ్డలు శానా ఉన్నయి కోసేటివి.”

“నేనా?”

“మీరే. కత్తి మీది మీరే తెచ్చుకోండ్రి అక్కా. మా ఇంట్ల ఒక్కటే ఉన్నది, అది నాకు కావాలె.”