వైడ్‌లో చెదిరిన బొమ్మ

సెట్లో అందరూ ఆమెను టేపమ్మ అంటారు. నడుముకు కొలత టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు. కెమెరాకీ నటులకీ మధ్య దూరం కొలుచుకుని, బొమ్మ చెదరకుండా ఫోకస్ తిప్పడం ఆమె పని. కెమెరామన్ స్వయానా ఆమె బాబాయి. పని నేర్పిందీ ఆయనే. అలాంటి మనిషి, నిన్నటి షాట్లు మూడు మసకగా వచ్చాయని తెలిసి నిన్న సాయంత్రమే పదిమందిలో అనేశాడు: "ముందు నీ కళ్ళు చూపించుకో అమ్మాయ్."

ఆ మాట ముల్లులా దిగింది. పొద్దున టేపమ్మ అందరికంటే ముందొచ్చింది.

ఇవాళ్టి షాటు ఒక్కసారే తీయగలరు. కథలో తల్లి జుట్టు కత్తిరించుకుంటుంది. ఆ వేషం వేస్తున్న పెద్దావిడ విగ్గు వద్దని, మోకాళ్ళదాకా ఉన్న సొంత జుట్టునే కత్తెరకు ఇస్తానంది. కళ్ళ దగ్గర మొదలైన జూమ్ మెల్లగా వెనక్కి వచ్చి గదంతా చూపించాలి. తేడా వస్తే మళ్ళీ తీయడానికి జుట్టుండదు.

టేపమ్మ గోడకు నక్షత్రంలాంటి గీతల చార్టు అంటించింది. జూమ్ పూర్తిగా దగ్గరికి లాగి ఫోకస్ పెట్టింది. గీతలు సూదిమొనల్లా ఉన్నాయి. ఫోకస్ ముట్టుకోకుండా, గదంతా కనిపించేలా వైడ్‌కి వచ్చింది. గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. మళ్ళీ చేసినా అంతే. తప్పు కళ్ళది కాదు. లెన్సుకీ లోపల బొమ్మను పట్టే సెన్సార్‌కీ మధ్య దూరం వెంట్రుకవాసి తప్పింది.

"బాబాయ్, బ్యాక్ ఫోకస్ పోయింది. సరిచెయ్యాలి."

ఆయన తలెత్తలేదు. "ఆవిడ మేకప్ కూడా అయిపోయింది. ఇప్పుడు కెమెరా మీద చెయ్యి వేస్తావా? సాయంత్రం అద్దెకిచ్చినవాళ్ళొచ్చి చూసుకుంటారులే."

"సాయంత్రానికి ఆవిడ జుట్టు నేలమీదుంటుంది."

ఈ మాట విని డైరెక్టర్ దగ్గరికొచ్చాడు. టేపమ్మ మానిటర్ ఆయన వైపు తిప్పి, జూమ్ దగ్గరికీ వెనక్కీ లాగి చూపించింది. డైరెక్టర్ బాబాయి ముఖంలోకి చూశాడు.

బాబాయి చార్టు వైపు చూశాడు.

"మొన్న లెన్సు బిగించే మౌంటు మార్చింది నేనే. మరలు సరిగా బిగించలేదేమో. అమ్మాయి తప్పేం లేదు."

"సరిచెయ్యడానికి ఎంతసేపు?" అన్నాడు డైరెక్టర్.

"ఇరవై నిమిషాలండీ," అంది టేపమ్మ.

కుర్చీలో కూర్చున్న పెద్దావిడ నవ్వింది. "నలభై ఏళ్ళు పెంచాను, ఇరవై నిమిషాలు ఆగలేనా? నిదానంగా కానియ్యమ్మా."

మౌంటు చుట్టూ ఉన్న నాలుగు మరల్లో రెండు వేలితో తాకితేనే కదిలాయి. బాబాయి టార్చి పట్టుకున్నాడు. వెలుతురు ఒకచోట నిలవలేదు. మౌంటు మీద వణుకుతూ తిరిగింది. టేపమ్మ ఆయన చేతివైపు చూసింది. ఆయన చూపు తిప్పుకున్నాడు. టార్చి తీసుకుని పళ్ళ మధ్య పెట్టుకుంది.

వెలుతురును లోపలికి వదిలే ఐరిస్ పూర్తిగా తెరిచింది. దగ్గర్లో లెన్సు ఫోకస్ తిప్పింది, వైడ్‌లో లెన్సు వెనకున్న బ్యాక్ ఫోకస్ రింగు. మళ్ళీ దగ్గరికి, మళ్ళీ వైడ్‌కి. మూడోసారి రింగు ఎక్కువ తిరిగి మొదటికొచ్చింది. అయిదోసారికి గీతలు రెండు చోట్లా నిలిచాయి. మరలు బిగిస్తుంటే, ఆఖరి మర దగ్గర బొమ్మ మళ్ళీ చెదిరింది.

"టైమవుతోంది," అన్నాడు డైరెక్టర్.

"ఎదురెదురు మరలు కొంచెం కొంచెంగా బిగించు తల్లీ," బాబాయి ఆమె చెవి దగ్గర మెల్లగా అన్నాడు. "తొందరపడకు. నేనున్నాను."

అలాగే చేసింది. ఈసారి నిలిచింది.

షాటు నాలుగు నిమిషాలు నడిచింది. కత్తెర ఆగలేదు, పెద్దావిడ చూపు చెదరలేదు. మొదటి పాయ నుంచి గది మూలనున్న పాత కుర్చీదాకా అన్నీ కడిగినట్టు కనిపించాయి. డైరెక్టర్ కట్ చెప్పాడు. పెద్దావిడ జుట్టులేని మెడ తడుముకుని, "తేలిగ్గా ఉందే," అంది.

బయట మెట్లమీద బాబాయి ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. టేపమ్మ పక్కన కూర్చుంది.

"చెయ్యి ఎన్నాళ్ళ నుంచి ఇలా వణుకుతోంది?"

"ఆరునెల్లు. మీ నాన్నకి చెప్పకు."

"నువ్వే చెప్పు బాబాయ్. రేపు ముగ్గురం కలిసి డాక్టరు దగ్గరికెళ్దాం."

ఆయన తలూపాడు. "నిన్నటి మాట పదిమందిలో అన్నాను. పద, అక్కడే వెనక్కి తీసుకుంటా," అంటూ రెయిలింగు పట్టుకుని లేచాడు.