పగులు మీద బస్సు టిక్కెట్టు

కోట బురుజు మీదికి మెట్ల దారి సాయంత్రం నాలుగింటికి గానీ తెరవరు. తాపీమేస్త్రీకీ అతని భార్యకూ తిరుగు బస్సు అయిదున్నరకు. బురుజెక్కి ఊరంతా ఒక్క చూపులో చూడాలని ఆమెకు పెళ్లయిన నాటి నుంచీ కోరిక. పదకొండేళ్లకు ఇవాళ కుదిరింది.

ఉదయం పదింటికి ఆమె బురుజు కొన చూస్తుంటే, మేస్త్రీ దాని మొదలు చూస్తున్నాడు. గోడలో నిలువునా పగులు. అది పాతదే. కింద రాతి మీద రాలిన సున్నపు పొడి మాత్రం కొత్తది. నిన్నటి వానకు కొట్టుకుపోలేదంటే, వాన వెలిశాకే రాలిందన్నమాట.

"కోట చూద్దామని తీసుకొచ్చి పగుళ్లు చూస్తావేంటయ్యా? రామాయణంలో పిడకల వేట!"

మేస్త్రీ జేబులు తడిమాడు. దొరికిన కాగితం ఒక్కటే, ఇద్దరికీ కలిపి తీసుకున్న తిరుగు టిక్కెట్టు. అన్నం డబ్బాలోంచి నాలుగు మెతుకులు తీసి మెదిపి, టిక్కెట్టును పగులుకు అడ్డంగా అంటించాడు.

"గోడ కదిలితే చిరుగుతుంది. కదలకపోతే ఊడదీసుకుని బస్సెక్కుతాం."

"చిరిగితే?"

"బురుజు ఎక్కం."

ఆమె మొహం మాడిపోయింది. "మన వంటింటి గోడ తొమ్మిదేళ్లుగా నోరు తెరుచుకునుంది. దానికెప్పుడైనా కాగితం అంటించావా? ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత!"

ఊరంతా కాలినడకనే తిరిగారు. రాతి వంతెన, పాత కత్తుల గది, మలుపు మలుపుకీ ఇరుకయ్యే బట్టల బజారు. అక్కడే ఆమె చెప్పు తెగింది. దాన్ని చేత్తో పట్టుకుని నడిచింది. అయినా ప్రతి సందు చివరా తలెత్తి, బురుజు కనిపిస్తోందా అని చూసింది.

నాలుగింటికి ఇంకా పది నిమిషాలుంది. మెట్ల ముందు నలభై మంది బారు తీరారు. గోడ మీది టిక్కెట్టు నడిమికి చిరిగి ఉంది.

"గాలికి చిరిగుంటుంది," అందామె ఆశగా.

"గాలికైతే అంచులు లేస్తాయి. రెండు కొసలూ అతుక్కునే ఉన్నాయి, చూడు." చిరుగు మధ్యలో అతని గోరు దూరింది.

కాపలాదారు తాళాల గుత్తితో వచ్చాడు. మేస్త్రీ చూపించాడు.

"మా తాతల నాటి నుంచీ ఉందయ్యా ఆ పగులు. నువ్వు కట్టావా కోట?"

"కట్టలేదన్నా. కూలినవి చాలా ఎత్తిపోశాను."

"జరుగు, జరుగు." తాళం తీసేశాడు.

ఆమె అందరినీ దాటుకుని వెళ్లి, తెగిన చెప్పు ఒళ్లో పెట్టుకుని మొదటి మెట్టు మీద అడ్డంగా కూర్చుంది.

"లేమ్మా!"

"లేవను. ఈ మెట్లెక్కాలని పదకొండేళ్లు కాచుక్కూర్చున్నదాన్ని. నేనే ఎక్కనంటుంటే ఇంకెవరెక్కుతారో చూస్తా. మీ ఆఫీసర్ని పిలువు."

బారులో నవ్వులు, తిట్లు. ఒకాయన మాత్రం వెళ్లి టిక్కెట్టు చూసొచ్చి, కూతుర్ని చంకనెత్తుకుని వెనక్కి తిరిగాడు. అతని వెనకే మరికొందరు. కాపలాదారు విసుక్కుంటూ ఫోను తీశాడు.

ఇరవై నిమిషాల్లో ఇంజనీరు వచ్చాడు. పగుల్లోకి టార్చి వేసి చాలాసేపు చూశాడు. తాళం వేయించి, "ఆ కాగితం ఎవరూ ముట్టుకోవద్దు," అన్నాడు.

బస్సులో కండక్టరు చెయ్యి చాచాడు.

"టిక్కెట్టు కోట గోడకుంది," అన్నాడు మేస్త్రీ.

"వేళాకోళమా?"

"నిజమే బాబూ, నేనూ చూశాను." వెనక సీట్లోంచి ఆ కూతురున్నాయన.

కండక్టరు గొణుక్కుంటూ ముందుకెళ్లిపోయాడు. బస్సు మలుపు తిరిగింది. బురుజు కనుమరుగైంది.

"పైనుంచి ఊరు చూపించలేకపోయానే," అన్నాడు మేస్త్రీ.

"పోనీలే. ఊరంతా నన్ను చూసిందిగా."