పాత ఫండుకీ కొత్త ఫండుకీ మధ్య

బుద్ధి గడ్డి తినడమంటే ఇదే. ఉన్న ఫండు నిక్షేపంలా ఉంది. ముప్పై ఏళ్లు లిఫ్టులు బాగుచేసి, మోకాళ్లు అరగదీసుకుని మొగుడు దాచుకున్న రిటైర్మెంటు డబ్బంతా అందులోనే పెరుగుతోంది. చెల్లెలు ఫోన్ చేసి, "అచ్చం అలాంటిదే ఇంకోటుందక్కా, అవే కంపెనీలు, వాళ్లు పట్టుకునే ఖర్చు మాత్రం తక్కువ" అనేసరికి ఈవిడకి చేతులు ఊరుకోలేదు. కుట్టుమిషన్ ముందు కూర్చునే ఫోన్లో మార్చిపారేసింది.

పాతది అమ్ముడైపోయింది. కొత్తది కొన్న జాడే లేదు. ఖాతాలో సున్నా. పొద్దున చూసినా సున్నా, అన్నం తిని చూసినా సున్నా.

"అమ్మడానికీ కొనడానికీ మధ్య నాలుగు రోజులు పడుతుందిలే అక్కా, డబ్బెక్కడికీ పోదు" అంటుంది చెల్లెలు. దానికేం, ఎన్నైనా చెబుతుంది! ఈవిడకి ముళ్ల మీద కూర్చున్నట్టుంది. ఎవరిదో చొక్కాకి చేతులు తిరగేసి కుట్టింది కూడా.

ఆయనేమో ఈ శుక్రవారంతో పని మానేస్తానని ఆర్నెల్లుగా కలవరిస్తున్నాడు. చెప్పేద్దామని మాట నోటిదాకా వచ్చేది, భయమేసి మింగేసేది. అయినా ఆయనకి యాప్ తెరవడమే రాదు కదా, డబ్బొచ్చాక చెప్పొచ్చులే అనుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం కొత్త ఫండు కనిపించింది, పక్కనే డబ్బంతా. హమ్మయ్య! మిషన్ మీద తల వాల్చి ఏడ్చేసింది.

సాయంత్రం ఆయన రాగానే ఫోన్ చేతిలో పెట్టి, గుక్క తిప్పుకోకుండా జరిగిందంతా చెప్పేసింది. ఆయన తెర వంక చూసి చూసి కుర్చీలో కూలబడ్డాడు.

"సున్నా నేనూ చూశానే, మంగళవారం. తోటి మెకానిక్ చేత నా ఫోన్లో యాప్ తెరిపించుకున్నా."

"మరి నన్నడగలేదేం?"

"ఏమని అడగను? ఎక్కడో మోసపోయావనుకున్నా. అసలే తిండి సహించక తిరుగుతున్నావు. అడిగితే ఏమైపోతావోనని..."

"అయ్యో! అందుకని ఏం చేశారండీ?"

"మేనేజర్ని బతిమాలుకున్నా. ఇంకో రెండేళ్లు చేస్తానని సంతకం పెట్టా."

"రేపెళ్లి వద్దని చెప్పేయండి."

"నా చోట్లోకి తీసుకున్నవాణ్ణి ఇవాళే రావద్దన్నారు. ఇంకే మొహం పెట్టుకుని చెప్పను?"

ఆయన వంగి మోకాలు రుద్దుకున్నాడు. కోపం లేదు ఆ మొహంలో, అందుకే ఆవిడకి మరీ భయమేసింది.

"ఇంతకీ, మార్చినందుకు ఏడాదికి ఎంత మిగులుతుందే?"

ఆ మిగిలేదానికి మహా అయితే ఓ జత బూట్లొస్తాయి. ఆవిడ లేచి, ఆయన మోకాలికి రాయడానికి నూనె వెచ్చబెట్టబోయింది.