డేలియా మొలకలకు పువ్వుల కషాయం

మా ఆయనతో నాకున్న ఇబ్బంది ఒక్కటే. ముప్ఫై నాలుగేళ్ల కాపురంలో ఆయన ఒక్కసారి కూడా పొరబడలేదు. అలాంటి మనిషితో బతకడం ఎంత అలసటో, పొరబడే మొగుళ్లున్నవాళ్లకి చెప్పినా అర్థం కాదు.

మా ఆయన లిండ్సే జీవితమంతా అల్వర్‌స్టన్ ఊరి వెనక ఎర్రమట్టి చేలల్లో పైరెత్రం పండించడంతోనే గడిచింది. మాకు ఎండాకాలం మొదలయ్యే డిసెంబరులో కొండవాలంతా తెల్ల చామంతుల్లా పూస్తుందే, అదే. దాని నుంచి తీసిన మందుకు దోమలూ ఈగలూ చస్తాయి. చేను అమ్మేసినా ఆయనకి ఆ పువ్వు మీద భక్తి తగ్గలేదు. షెడ్డులో ఒక గోతం ఎండుపూలు ఎప్పుడూ ఉంటాయి. చీమలొచ్చినా అదే కషాయం, కుక్కకి గోమార్లు పట్టినా అదే. నా తలనొప్పికి మాత్రం ఇంకా చెప్పలేదు.

ఈ వసంతంలో మా గొడవ గుల్లలేని నత్తలతో వచ్చింది. పెరట్లో మా అమ్మ డేలియా దుంప ఒక్కటే మిగిలింది. ఆవిడ పోయి తొమ్మిదేళ్లు. ఆ ముదురెరుపు పువ్వు ఎక్కడా కొనడానికి దొరకదు. అమ్మ కూడా కొనలేదు, చర్చి తోటలోంచి ఎత్తుకొచ్చింది. రెండేళ్లుగా మొలక తలెత్తగానే నత్తలు కొరికేస్తున్నాయి. ఈ ఏడూ అదే జరిగితే ఆ దుంపకి మళ్లీ మొలిచే ఓపిక ఉండదు. నాకూ ఉండదు.

"కషాయం కొట్టేశాను. ఇంక నీ డేలియాకి ఢోకా లేదు," అన్నాడు లిండ్సే.

"అది పురుగుల మందు కదా. నత్త పురుగు కాదు, లిండ్సే."

"నీ కాలేజీ చదువు పక్కన పెట్టు నోలా. పాకేదంతా పురుగే."

"అయితే శనివారం పబ్బు నుంచి వచ్చే మీ అన్నో?"

"వాడి మీదా పనిచేస్తుంది. పువ్వు రసమే కదా, ఎవరికీ హాని లేదు."

మర్నాడు పొద్దున చూస్తే మడి చుట్టూ నల్ల పెంకుపురుగులు వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటున్నాయి. రాళ్ల కింద దాక్కుని నత్తల్ని తినేవి అవే. వాటి మధ్య నుంచి రెండు నత్తలు, పెళ్లి భోజనానికి వెళ్తున్నంత తీరిగ్గా, పాకుతున్నాయి. మూడు మొలకల్లో ఒకటి అప్పటికే లేదు.

సంగతి చెబితే లిండ్సే కషాయంలో పూలు రెట్టింపు వేశాడు.

వాదించే ఓపిక లేక, ఆయన బౌల్స్ ఆటకి వెళ్లినప్పుడు స్ప్రేయర్‌లోది ఖాళీ డబ్బాలోకి ఒంపి మూత పెట్టి, స్ప్రేయర్‌లో పాలు లేని చల్లారిన టీ పోశాను. రంగు ఒకటే. అయిపోయినప్పుడల్లా మళ్లీ నింపాను. ఆ తర్వాత ఆయన సాయంత్రం టీ కొట్టడం, నేను తెల్లవారుతూనే వానలో రబ్బరు బూట్లేసుకుని వంటింటి పట్టకారుతో నత్తల్ని ఏరి ఉప్పునీళ్లలో వెయ్యడం. నడుం పట్టేసింది. ఒకరోజు నిద్రమత్తులో అదే పట్టకారుతో పెనం మీద బేకన్ ముక్కలు తిప్పాను. బాగుందన్నాడు.

నాలుగు వారాలకి రెండు మొలకలూ జానెడు దాటాయి. రాళ్ల కింద నల్ల పురుగులు మళ్లీ కనిపించాయి.

పక్కింటి మెర్విన్ కంచె మీద మోచేతులు ఆనించి, "ఏం కొట్టావు లిండ్సే? నా లెట్యూస్‌ని నత్తలు నమిలేస్తున్నాయి. నీ కషాయం ఒక సీసా ఇద్దూ!" అన్నాడు.

నేను బట్టలారేస్తున్నదాన్ని ఆగిపోయాను. లిండ్సే స్ప్రేయర్ వైపు చూశాడు. నా బురద బూట్ల వైపు చూశాడు.

"ఇచ్చినా లాభం లేదు మెర్విన్. అది టీ."

నా చేతిలో క్లిప్పు జారిపడింది.

"మొదటిరోజే తెలుసు," అన్నాడు నాతో. "నలభై ఏళ్లు పీల్చిన వాసన, నాకు తెలియదా?"

"తెలిసి రోజూ కొట్టావా?"

"మానేస్తే ఎందుకు మానేశావని అడుగుతావు కదా."

మెర్విన్ నవ్వబోయి, నా మొహం చూసి మానుకున్నాడు. లిండ్సే వంగి క్లిప్పు తీసి, నా చేతిలో పెట్టాడు.

"నా పువ్వు నత్తల్ని చంపలేదు. వాటిని తినేవాటిని చంపింది. మీ అమ్మ మొలక పోయింది నావల్లే. నేనే పొరబడ్డాను, నోలా."