నా తలకెక్కిన కల్లు

రంపం మోగుతోంది. నాకు తల తిరుగుతోంది. భయంతో కాదు, మత్తుతో!

నేను ఒక పురుగుల బోనుని. నల్ల ప్లాస్టిక్ గరాటులు ఒకదాని కింద ఒకటి, పైన టోపీలాంటి మూత, అడుగున గిన్నె. అరకు కొండల్లో పైన్ చెట్ల మధ్య వేలాడతాను. జబ్బుపడ్డ చెట్టు కాస్త సారా వాసన వేస్తుంది. మాను తొలిచే పెంకుపురుగులు ఆ వాసనకే వాలతాయి. నాకు కట్టిన మందు సంచీదీ అదే వాసన. చెట్టనుకుని వచ్చి, నన్ను గుద్దుకుని, జారి గిన్నెలో పడతాయి. వాటిని లెక్కేసి మనుషులు అడవికి జబ్బుందో లేదో తేలుస్తారు. తమ బీపీ మిషన్ని మాత్రం నమ్మరు!

ఫ్యాక్టరీ అచ్చులోంచి ఊడిపడ్డాక మొదట ఒక ప్రొఫెసర్ నన్ను బీరువా ఎక్కించి మరిచిపోయాడు. తర్వాత ఒక అటెండరు నా గిన్నెలో పల్లీలు పోసుకు తిన్నాడు. చివరికి ఫారెస్టు వాచర్ డొంబు చేతికొచ్చాను. నన్నెవరు ముట్టుకున్నా కేసేనని ఊరంతా బెదిరించాడు. ఎంత గౌరవమో అని పొంగిపోయాను.

అసలు సంగతి వేరు. డొంబు భార్య చిలకమ్మ ఈ చెట్ల నీడలోనే బొంగు చికెన్ అమ్ముతుంది. కల్లు మానేశానని ఆమె నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేసిన డొంబు, జీలుగు కల్లు నింపిన ఆనపకాయ బుర్రని నా మూత కింద దాచాడు. బుర్రకి సన్నటి చిల్లు. చుక్కా చుక్కా నాలోకి! నాకు హుషారు, పురుగులకి పెళ్లి భోజనం. గిన్నె పురుగులతో నిండిపోయింది.

రేంజర్ గారు చూసి అదిరిపడ్డారు. "ఈ చెట్ల వరసంతా కొట్టేయాలి. లేకపోతే జబ్బు కొండంతా పాకుతుంది."

"నీడ పోతే నా కొట్టుకెవులొత్తారు బాబూ?" చిలకమ్మ నా కిందికి వచ్చి అడ్డంగా నిలబడింది.

టప్! ఆమె ముక్కు మీద ఒక చుక్క. వాసన చూసింది. నా మూత లేపింది. బుర్ర బయటపడింది.

"ఆపండి బాబూ! సెట్లకి రోగం నేదు. పురుగులొచ్చింది దీనికే!"

రంపం ఆగింది. "ఎవడిదిది?" రేంజర్ ఉరిమారు. "వాడు ఒప్పుకుంటేనే నరకడం ఆపుతా. పేరు చెప్పు."

బుర్ర ఎవరిదో చిలకమ్మకి తెలిసిపోయింది. పెళ్లయిన నాటినుంచి మొగుడి పేరు పలికిన మనిషి కాదు. వేలు మాత్రం రేంజర్ పక్కనే నిలబడ్డ డొంబు వైపు చూపింది.

"చూశావా డొంబూ? వాణ్ని పట్టుకురమ్మంటోంది, వెళ్లు!" అన్నారు రేంజర్.

"చిత్తం సార్!" డొంబు సెల్యూట్ కొట్టి, పొదలన్నీ తెగ వెతికేస్తున్నాడు. ఆమె పేరు పలకదని వాడికెంత ధీమా! నవ్వాపుకోలేక నా గరాటులు గలగలలాడాయి.

"దొరకలేదు సార్. పారిపోయినట్టున్నాడు."

రేంజర్ నిట్టూర్చి చెయ్యి ఊపారు. రంపం మళ్లీ మోగింది. పళ్లు బెరడుకి తగలబోతుండగా, చిలకమ్మ కొంగు నడుముకి బిగించి, కొండ దద్దరిల్లేలా అరిచింది.

"ఒరే డొంబూ!"