లేని రోజున పగిలిన ఓడ

దాగ్ని రావ్న్‌హోల్ట్ మా పెరటి ఇంట్లో అద్దెకు దిగిన రోజు నుంచే లేసో దీవిలో సగం మంది ఆమెతో మాట్లాడటం మానేశారు. ఇరవై రెండేళ్లు కోపెన్‌హాగెన్ పత్రికలో పనిచేసి, మంత్రుల్ని కూడా నిలదీసి, ఇప్పుడు చరిత్ర నవలలు రాస్తున్న మనిషి. మూడో నవల మా దీవి గురించే అనేసరికి అందరికీ గుబులు పట్టుకుంది. 1700 చలికాలంలో మా ఇసుక మేటల మీద ఒక డచ్చి ఓడ పగిలింది. మావాళ్లు మనుషుల్ని వదిలేసి సరుకు దోచుకున్నారని అవతలి ఒడ్డువాళ్లు ఇప్పటికీ అంటారు.

"గుడ్రున్, ఆవిడ నిన్నేం అడుగుతోంది?" అని నా కొట్టుకొచ్చిన ప్రతివాళ్లూ ఆరా తీసేవారు.

"చక్కెర," అనేదాన్ని.

నాకూ అనుమానమే. ఆమె చెత్తబుట్టలో పడేసిన కాగితాలు రెండుసార్లు విప్పి చూశాను. అన్నిటిలోనూ ప్రశ్నలే.

అలాంటిది, అక్సెల్ స్టోక్‌లున్ తనంతట తానే వచ్చి ఆమె తలుపు తట్టాడు. డెబ్బై ఏళ్ల మనిషి, చేపల వేట మానేసి చాలాకాలమైంది. చంకలో తోలు అట్ట పుస్తకం. ఆనాటి చర్చి గుమాస్తా డైరీ అట, వాళ్ల అటక మీద ఉండేదట. అక్సెల్ పూర్వీకుడు మాడ్స్ ఒక్కడే నీళ్లలోకి దిగి ఆరుగురిని కాపాడాడనీ, సరుకు ముట్టలేదనీ అందులో ఉంది.

నేనైతే కళ్లు తుడుచుకున్నాను. దాగ్ని మాత్రం వారం రోజులు భూతద్దం పట్టుకుని కూర్చుంది. కాగితం పాతదే. సిరా వెలిసిపోయింది.

"ఇంకేం కావాలి నీకు?" అన్నాను విసుగ్గా.

"ఇంత బాగుందేమిటా అని," అంది.

శనివారం అక్సెల్‌ను కాఫీకి పిలిచి, నన్నూ ఉండమంది.

"అక్సెల్ గారూ, ఓడ ఏ రోజు పగిలిందని రాశాడు గుమాస్తా?"

"ఫిబ్రవరి ఇరవై మూడు. అందులో ఉందిగా."

"ఆ ఏడు మన దేశంలో ఆ తేదీ రానేలేదండీ. రాజుగారు క్యాలెండర్ మార్చారు. ఫిబ్రవరి పద్దెనిమిదిన పడుకున్నవాళ్లు మార్చి ఒకటిన లేచారు. చర్చిలో రోజూ తేదీ వేసే మనిషికి ఆ సంగతి తెలియదంటారా?"

అక్సెల్ కప్పు కింద పెట్టాడు. "నన్ను దొంగను చేయడానికే పిలిచావన్నమాట."

"ఎవరు రాశారు?"

అక్సెల్ ఆ పుస్తకం అట్ట మీద చెయ్యి వేశాడు.

"మా నాన్న. బడిపంతులు. నాకు ఎనిమిదేళ్లప్పుడు బళ్లో అందరూ ఓడదొంగ, ఓడదొంగ అని ఏడిపించేవాళ్లు. పాత పుస్తకంలో ఖాళీ కాగితాలు కోసి, ఆ చలికాలమంతా కూర్చుని రాశాడు. నేను పక్కనే ఉన్నా." అంతలోనే గొంతు పెంచాడు. "అయినా నీది నవలేగా! నువ్వు కల్పిస్తే కథ, మా నాన్న కల్పిస్తే మోసమా?"

"నేను కల్పించానని అట్ట మీదే వేసుకుంటాను."

పుస్తకం లాక్కుని వెళ్లిపోయాడు. దీవిలో మిగతా సగం కూడా ఆమెతో మాటలు మానేసింది.

దాగ్ని అవతలి ఒడ్డున, పాత సర్కారు కాగితాలు దాచే వీబోర్గ్ ఊరికి వెళ్లి, ఆనాటి కోర్టు విచారణల దస్త్రాలు తిరగేసింది. పదకొండో రోజున తిరిగొచ్చి, నన్ను తోడు తీసుకెళ్లి, ఒక నకలు అక్సెల్ ముందు పెట్టింది. ఓడలోంచి వెన్న పీపా దాచినందుకు మాడ్స్ స్టోక్‌లున్‌కు జరిమానా. కింద అతని మాట: "నలుగురిని ఒడ్డుకు లాగాకే పీపా జోలికి పోయాను." నిజమేనని ఆ నలుగురూ సాక్ష్యం చెప్పారు.

అక్సెల్ రెండుసార్లు చదివాడు. కాగితం వెలుతురుకు పట్టి చూశాడు.

"ఇది నువ్వు రాసింది కాదని ఎలా నమ్మను?"

"నమ్మకండి. వెళ్లి చూసుకోండి." దస్త్రం సంఖ్య రాసిచ్చింది.

మర్నాడు పొద్దుటి పడవకే వెళ్లాడు. రెండు రోజుల తర్వాత రేవు నుంచి తిన్నగా నా కొట్టుకే వచ్చాడు. రొట్టెల కోసం నిలబడ్డ అయిదారుగురి ముందు టోపీ తీశాడు.

"మా మాడ్స్ దొంగే. వెన్న దొంగ. కానీ ముందు మనుషుల్ని లాగాడు."

వరుసలో ఉన్న ఒకావిడ మెల్లగా అడిగింది.

"మరి... మావాళ్ల పేర్లు కూడా ఉన్నాయా అందులో?"

"ఉన్నాయి," అన్నాడు అక్సెల్.

దాగ్ని రాసిచ్చిన దస్త్రం సంఖ్య చీటీ జేబులోంచి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.